కొడిశపాల కషాయం

కొండ దిగువన ఈరమాంబ ఆశ్రమంలో పన్నెండేళ్లు ఊడిగం చేసిన శరభయ్యకు ఒకటే కొరత. మూడు వందల అడవి చెట్ల గుణాలు పద్యాల్లో అప్పజెప్పగలడు, ఒక్క పాదం తప్పడు. అయినా ఆవిడ మందుల సంచి అతని భుజానికి తగిలించదు. ఆ సంచి భుజానికెక్కితేనే వైద్యుడు. అందాకా కట్టెలు కొట్టాలి, కషాయాలు కాచాలి, నోరు మూసుకోవాలి. మొదటి రెండూ బాగానే చేసేవాడు.

ఒకనాడు తెగించి అడిగేశాడు. "నాకింకా తెలియని చెట్టేదో చెప్పండమ్మా."

ఈరమాంబ అతన్ని ఎగాదిగా చూసింది. అవతలి కొండ మీద ఎవరికో కాన్పు కష్టమైందని కబురొస్తే సంచి తగిలించుకుని వెళ్లిపోయింది. మూడు రోజుల్లో వస్తానంది.

ఆవిడ అటు వెళ్లిందో లేదో, కర్ర చెక్కి లక్కబొమ్మలు చేసే పైడన్న పెళ్లాన్ని భుజాన వేసుకుని వచ్చాడు. నూకాలుకు నెత్తురు విరేచనాలు. నిలబెడితే నిలబడే స్థితిలో లేదు.

శరభయ్యకు లోపల పండగే అయింది. అవతల ఆడమనిషి ప్రాణం పోతుంటే పండగేమిటంటారా? చదువు తలకెక్కినవాళ్ల పండగలు అలాగే ఉంటాయి.

ఈ రోగానికి కొడిశపాల బెరడు కషాయం. పద్యం నోటికి వచ్చు. ఎదురెదురు ఆకులు, తెల్లపూలు, జంట కాయలు, గిల్లితే పాలు. అడవిలోకి పోయి నాలుగు కొమ్మలు నరికి తెచ్చాడు. పైడన్న ఒక కొమ్మ అందుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఏదో అనబోయాడు.

"బొమ్మల సంగతి నువ్వు చూసుకో. చెట్ల సంగతి నాకొదిలెయ్," అన్నాడు శరభయ్య.

పైడన్న కొమ్మ కింద పెట్టేశాడు. పోయి గోడవార కూర్చున్నాడు.

మూడు పూటలు తాగించినా గుణం లేదు. శరభయ్య మోతాదు పెంచాడు. మూడో నాటికి నూకాలు కళ్లు గుంటలు పడిపోయాయి. పిలిస్తే పలకడం మానేసింది.

ఆ మధ్యాహ్నం ఈరమాంబ వచ్చింది. రోగి నాడి చూసింది. ఏ మందని అడగలేదు. పొయ్యి పక్కన చల్లారిన కషాయం ముంత ఎత్తి గటగటా తాగేసింది.

శరభయ్య ఆవిడ మొహమే చూస్తున్నాడు. కొడిశపాల చేదు తగిలితే ఎంతటివాడికైనా మూతి వంకర పోవాలి. ఆవిడ మంచినీళ్లు తాగినట్టు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

అంటే ముంతలో ఉన్నది కొడిశపాల కాదు.

"ఇది ఒక్కసారైనా నీ నాలికకు తగిలిందా?" అంది.

తగల్లేదు.

ఆవిడ మూలనున్న కొమ్మ తీసుకెళ్లి గోడవారనున్న మనిషి చేతిలో పెట్టింది. "ఇదేం కర్ర నాయనా?"

"అంకుడమ్మా, బొమ్మలు సేసే కర్ర. మా కూడంతా ఈ కర్రే."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"బాబు తెచ్చిననాడే," అన్నాడు పైడన్న, పెళ్లాం వైపే చూస్తూ. "సెప్పబోనాను. బాబు సదూకున్నోరు, మనకేటి తెలుస్తాదని ఊరుకున్నాను."

మూడు రోజులు. తెలిసి తెలిసీ ఆ గోడవార కూర్చుని పెళ్లాం ఆరిపోతుంటే చూశాడు ఆ మనిషి. ఎవరి మాటకు? ఈరమాంబ నాలుగు తిట్టినా శరభయ్యకు బాగుండేది. తిట్టలేదు. తన భుజం మీది సంచి తీసి పైడన్న భుజానికి తగిలించింది.

"కొడిశ నీకు తెలుసుగా?"

"తెలవకేటమ్మా. సిన్నప్పుడు అంకుడనుకుని దాన్ని కొట్టి మా అయ్య సేత తన్నులు తిన్నాను."

"పొద్దు వాలేలోగా రావాలి. శరభా, గొడ్డలి నువ్వు మొయ్యి. ముందు అతను నడుస్తాడు."

నూకాలు బతికింది. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఇక మీదట నా మాట మీ చెవికెక్కదు.

కొండ ఎక్కి పైడన్న ఒక చెట్టు దగ్గర ఆగాడు. అవే ఎదురెదురు ఆకులు. అవే జంట కాయలు. శరభయ్యకు పద్యం మొదటి మాట కూడా గుర్తుకు రాలేదు.

"ఇదేనా అన్నా?" అని అడిగాడు.

పైడన్న బెరడు గిల్లి నోట్లో వేసుకుని నమిలాడు. మొహమంతా ముడుచుకుపోయింది. తుపుక్కున ఉమ్మేశాడు.

"ఇదే. కొట్టు."

శరభయ్య గొడ్డలి ఎత్తబోయి ఆగాడు. తనూ ఒక పలుకు గిల్లి నోట్లో వేసుకున్నాడు.

ఉమ్మలేదు.