ఎడమ మూల

తిరుమలేశ్‌కు గురువు మీద ఉన్న కోపం ఒక్కటే. కూతకు పోయిన ఆటగాడికి ఆయన గీత బయటి నుంచి ఒక్క మాట కూడా అందించడు.

రాజలింగం సారు ఒక డిగ్రీ కాలేజీ కబడ్డీ జట్టుకు కోచ్. తిరుమలేశ్ ఆయన చేతి కింద ఆడి, ఆయన దగ్గరే అసిస్టెంటుగా చేరాడు. అయినా ప్రతి మ్యాచ్‌లో ఇద్దరికీ ఇదే పేచీ.

“బయటున్న మనకు ఎదుటోళ్ల ఆట మంచిగ కనవడ్తది సారూ. ఎటు పోవాల్నో చెప్తే ఏం పోయింది?”

“లోపలున్నోనికీ కండ్లున్నయ్ రా,” అనేవాడు సారు. అంతకు మించి వాదించేవాడు కాదు. ఆ ఊరుకోవడమే తిరుమలేశ్‌ను ఎక్కువ మండించేది.

జిల్లా పోటీల్లో ఓడాక, సారుకు చెప్పకుండా ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు. మర్నాడే ప్రిన్సిపాల్ నుంచి మాట వచ్చింది. ఇక నుంచి కూతల సంగతి తిరుమలేశ్ చూసుకుంటాడు, పట్టుల సంగతి రాజలింగం చూసుకుంటాడు.

సారు బెంచీకి ఆ చివర కూర్చోవడం మొదలుపెట్టాడు.

తిరుమలేశ్ అరుపులతో జట్టు గెలిచింది. తర్వాతి పోటీల్లో గెలుచుకుంటూ ఫైనల్ దాకా వచ్చింది. “చూసిండ్రా సారూ?” అని రెండుసార్లు అడిగాడు కూడా. సారు తలూపాడు.

ఫైనల్లో స్కోరు సమానం. ఆఖరి కూతకు అజ్మత్ వెళ్లాడు. జట్టులో వాడంత చురుకైనవాడు లేడు. ఎదుటి జట్టులో కుడివైపు ఆటగాడి కాలు తడబడటం చూసి అటు ఒరిగాడు.

“ఎడమ మూల! అజ్మత్, ఎడమ!” తిరుమలేశ్ గొంతు చించుకున్నాడు.

సగం ఒరిగినవాడు ఆగాడు. తల తిప్పాడు. మడమ దొరికిపోయింది. అందరూ మీద పడ్డారు. ఫైనల్ పోయింది.

“ఎడమకు పొమ్మంటే ఇనవడలేదారా? చెవుల్ల ఏం పెట్టుకున్నవ్?” జట్టంతా చూస్తుండగా తిరుమలేశ్ తిట్టిపోశాడు. అజ్మత్ జెర్సీ విప్పి బెంచీ మీద పెట్టి, కుంటుకుంటూ వెళ్లిపోయాడు. ప్రాక్టీసుకు మళ్లీ రాలేదు. ఇక ఆడనని దోస్తులతో కబురు పంపాడు.

ఆ కబురు విన్న సాయంత్రం తిరుమలేశ్ సారును వెతుక్కుంటూ గ్రౌండుకు వచ్చాడు. ఆయన ఒక్కడే చెరిగిపోయిన సున్నం గీతలు దిద్దుతున్నాడు.

“ఎడమ మూల ఖాళీగనే ఉండె సారూ. నేను చెప్పింది తప్పా?”

“తప్పు గాదు. నాకూ కనవడ్డది.”

“మరి!”

సారు సున్నం డబ్బా పక్కన పెట్టి నడిమి గీత అవతల నిలబడ్డాడు. “కూతకు రా.”

తిరుమలేశ్‌కు అర్థం కాలేదు. అయినా గుండె నిండా ఊపిరి పీల్చుకుని, “కబడ్డీ కబడ్డీ” అంటూ గీత దాటాడు. ముసలాయన చేతులు కూడా చాచలేదు. ఊరికే నిలబడి అడిగాడు.

“ప్రిన్సిపాల్ తాన నా గురించి ఏమని చెప్పినవ్ రా?”

“సారూ, అది...”

కూత తెగింది.

సారు రెండడుగులు వేసి అతని భుజం మీద చెయ్యి వేశాడు. “ఔట్,” అన్నాడు. వెనక్కి వెళ్లి, వంగి, మళ్లీ గీత దిద్దసాగాడు.

తిరుమలేశ్ ఎదుటి కోర్టులోనే నిలబడిపోయాడు.

“అజ్మత్ ఇంటికి పోత సారూ. పోయి వానికేం చెప్పాలె?”

సారు తలెత్తలేదు.

“అది గూడ నేనే చెప్పాల్నా?”