ఉప్పుటేటి కింద వరిపొలం

ఒక పక్క సముద్రం, ఒక పక్క వరిచేలు ఉన్న ఒకానొక రాజ్యాన్ని గంభీరవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. పేరుకు తగ్గట్టే ఎంతో గంభీరంగా ఉండేవాడు. ఆ గాంభీర్యం వెనక ఏముందో చూద్దామని దగ్గరికి వెళ్లినవాళ్లకు మాత్రం ఏమీ కనిపించేది కాదు.

ఒకనాడు భోజనం దగ్గర ఆయనకు చేపముక్క చిన్నదిగా కనిపించింది. పెద్ద ముక్కలన్నీ వంటవాడి ఇంటికి తరలిపోతున్నాయని కోటలో పిల్లులకు కూడా తెలుసు. రాజుగారు మాత్రం సముద్రంలో చేపలు తరిగిపోతున్నాయని తీర్మానించేశారు. చెయ్యి కడుక్కునేలోపే శాసనం సిద్ధమైంది. రాజ్యంలో నీరున్న ప్రతిచోటా పడవకు రోజుకు గంపెడు చేపలే పట్టాలి. అంతకు మించి పడితే, మించినవాటిని తిరిగి నీళ్లలో పారెయ్యాలి. మాట మీరినవాడి పడవను తగలబెడతారు.

బెస్తవాళ్లకు శాసనం చేసి రైతులను వదిలేస్తే బాగుండదని రాజుగారు మరొకటి కూడా చేశారు. వరదకు పొలం మునిగిన రైతుకు ఏడాదికి సరిపడా ధాన్యం కొట్లనుంచి ఇవ్వాలి. వినడానికి చల్లని మాటే. అయితే పొలం నిజంగా మునిగిందో లేదో మహామంత్రి కుశాగ్రుడి మనుషులు వచ్చి కళ్లారా చూడాలి. ఆ మహానుభావులు మంచి ముహూర్తం చూసుకుని, దారిలో ప్రతి ఊళ్లోనూ విందులారగించి, తీరిగ్గా చేరేసరికి వరద తీసేసేది.

"నీళ్లేవయ్యా? చుక్క నీరు లేని పొలం మునిగిందంటే ఎలా నమ్మమంటావు?" అని కుళ్లిన పైరు మధ్య నిలబడ్డ రైతును గద్దించి వెళ్లిపోయేవారు.

ఎప్పుడు వచ్చి చూసినా మునిగే ఉన్న పొలం రాజ్యంలో ఒక్కటే. అది మంత్రిగారి బావమరిది చెన్నప్పది. ఊళ్లవాళ్లంతా దాన్ని ఉప్పుటేరు అనేవారు. మంత్రిగారు మాత్రం మేలిమి వరిపొలం అనేవారు. ఏటా బళ్లకొద్దీ ధాన్యం చెన్నప్ప గాదెలకు చేరుతుండేది. రాజుగారు ఆ చోటు ముఖం ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

ఇలా ఉండగా ఒకరోజు కొలువులోకి నూకమ్మ అనే బెస్తామె ఏడుస్తూ వచ్చింది. ఆమె భర్త పోలయ్య ఉప్పుటేట్లో వేటకు వెళ్తే, గంపకు మించి చేపలున్నాయని తలారులు పట్టుకున్నారు. పడవను ఒడ్డున కట్టేశారు.

"మారాజా, పారేద్దారంటే అప్పటికే సచ్చిపోనాయి. సచ్చిన సేపని నీళ్లలో ఏస్తే బతుకుద్దేటి? పిల్లలు గంజి మీదున్నారు, నాలుగు ఇంటికి తెచ్చినాడు. ఆ పడవ కాలిపోతే మేం కూడా దాంతో పాటే కాలిపోవాల," అంది నూకమ్మ.

"శాసనం అంటే శాసనమే," అన్నాడు రాజు. "చేప బతికిందా చచ్చిందా అని శాసనంలో లేదు. పౌర్ణమినాడు ఆ పడవను మా ఎదుటే తగలబెట్టాలి. చూసినవాళ్లకు బుద్ధి రావాలి."

ఆమె వెనకే తవిటయ్య అనే రైతు కుళ్లిన వరిదుబ్బు ఒకటి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మంత్రి కుశాగ్రుడు ముక్కు మూసుకుని, "నీ పొలంలో నీళ్లు తీసేశాయిగదా. సంతోషించక ఇంకా ఏడుపెందుకు? ముందు ఆ కంపు బయటపెట్టు," అన్నాడు. సభలో అందరూ నవ్వారు. తవిటయ్య ఆ దుబ్బును కిందపెట్టలేదు. తల మాత్రం దించుకున్నాడు.

నవ్వనివాడు ఒక్కడే ఉన్నాడు. సింహాసనం పక్కన తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడే గవరన్న. రాజుగారికి ఆకులకు సున్నం రాసివ్వడం అతని కొలువు. అవసరమైనప్పుడు పెద్దలకు కూడా రాస్తాడని పేరుంది. అందుకే మంత్రికి అతనంటే పడదు.

నూకమ్మ ఏడుపు చూస్తుంటే గవరన్నకు పట్టరాని కోపం వచ్చింది. కానీ కోపంతో మాట్లాడితే ఈ కొలువులో తల ఉండదు, పడవా ఉండదు. అందుకని చిలకలు చుడుతూ మెల్లగా అన్నాడు.

"ప్రభూ, పడవ కాల్చడం చూడటానికి పౌర్ణమికి తమరు తూర్పుతీరానికి ఎలాగూ దయచేస్తున్నారు. చెన్నప్పగారి మునిగిన పొలం కూడా అక్కడే ఉంది. ఆ అభాగ్య రైతును తమరే స్వయంగా ఓదార్చి, తమ చేతులతో ధాన్యం పోస్తే? జనం తమర్ని 'కర్షక కల్పవృక్షం' అని పిలవకుండా ఉండగలరా?"

రాజుగారికి బిరుదులంటే ఆకలి. మీసం మీదికి చెయ్యి వెళ్లింది.

మంత్రి కంగారుపడ్డాడు. "అక్కడంతా బురద ప్రభూ! తమ పాదాలు..."

"పడవలో వెళ్దాం లెండి," అన్నాడు గవరన్న. "అన్నట్టు మంత్రివర్యా, అది వరిపొలమేనా? ఊళ్లో అప్రాచ్యులు ఏదేదో వాగుతుంటారు."

సభంతా తనవైపే చూస్తుంటే కుశాగ్రుడు వెనక్కి తగ్గలేకపోయాడు. "పొలమే! ముమ్మాటికీ పొలమే! నీళ్లు పైన ఉండవచ్చు, కింద ఉన్నది నేలే. నా పదవి మీద ఒట్టు," అన్నాడు.

"ఇంకేం మరి," అని గవరన్న తాంబూలం అందించాడు.

పౌర్ణమి పొద్దున రాజుగారు పరివారంతో ఏటి ఒడ్డుకు చేరారు. ఠీవిగా నిలబడ్డ ఆయనకు ఎదురుగా కనుచూపు మేర నీళ్లే కనిపించాయి. ఒడ్డున ఉన్న పడవ ఒకటే, పోలయ్యది. సాయంత్రం ఎలాగూ కాల్చేదే కదా అని దాంట్లోనే తివాచీ పరిచారు. రాజు, మంత్రి, గవరన్న, తలారి ఎక్కారు. పోలయ్య గెడ వేశాడు. తన పడవకు చితి పేర్చి ఉంచిన ఒడ్డువైపు చూడకుండా ముఖం తిప్పుకున్నాడు.

కొంతదూరం పోయాక రాజు, "పొలం ఇంకా ఎంత దూరం?" అని అడిగాడు.

"దాని నడిమధ్యనే ఉన్నాం ప్రభూ," అన్నాడు గవరన్న.

రాజు నీళ్లలోకి వంగి చూశాడు. తన ముఖమే కనిపించడంతో ముచ్చటపడి, పొలం మాట మరిచిపోయాడు. ఆ అదను చూసి గవరన్న పోలయ్య విసురువలను ఎత్తి ఆయన భుజాన వేశాడు.

"ఒడ్డున ప్రజలంతా చూస్తున్నారు ప్రభూ. బెస్తలను కాచే రాజు ఒక్కసారి తన చేత్తో వల విసిరితే, ఆ దృశ్యం తరతరాలు చెప్పుకుంటారు."

రాజుగారు లేచి, పడవను నాలుగువైపులా ఊపి, మంత్రి తలపాగాను ఏట్లోకి నెట్టి, ఎలాగో వల విసిరారు. పోలయ్య సాయం పట్టి లాగాడు. ఎన్నాళ్లుగానో గంపకు మించి ఎవరినీ పట్టనివ్వని ఏరు. వల నిండా పండుగప్పలు, రొయ్యలు. పడవలో మోకాలెత్తు పోగుపడ్డాయి. రాజు పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"తలారీ!" అన్నాడు గవరన్న గంభీరంగా. "చూస్తూ నిలబడ్డావేం? గంపకు మించలేదూ? శాసనం అంటే శాసనమే. ఈ పడవతో పాటు వల విసిరినవారిని కూడా..."

తలారి పడవ అంచుకు జరిగాడు. రాజు ముఖం నల్లబడింది.

"ఏమిటీ పిచ్చివాగుడు! వలలో ఏం పడుతుందో, ఎన్ని పడతాయో విసిరేవాడికేం తెలుస్తుంది?" అని అరిచాడు. అరిచాక గెడ పట్టుకున్న పోలయ్య కళ్లు తనమీదే ఉన్నాయని చూసి మాట ఆపేశాడు. తర్వాత గవరన్న మీదికి తిరిగాడు. "నన్ను వలలో వేద్దామనేనా ఇంతదూరం తెచ్చావు?"

"ఎంతమాట ప్రభూ! నేను వేసింది వేరొకరికి. ఎవరు పడతారో విసిరేవాడికి తెలియదని తమరే ఇప్పుడు సెలవిచ్చారు."

రాజును కాపాడి మెప్పు పొందుదామని కుశాగ్రుడు ముందుకురికాడు. "ప్రభూ, తమరు తప్పేమీ చెయ్యలేదు! శాసనం నీరున్న చోటికే. ఇది నీరు కాదు, పొలం! ఆ సంగతి సభలోనే మనవి చేశాను."

"అమ్మయ్య," అని గవరన్న గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "పొలమైతే ఇవి చేపలు కావు, పంట. అంతేనా మంత్రివర్యా?"

"అంతే! పంటే!"

"అయితే పోలయ్య తెచ్చుకున్నది కూడా పంటే. కోతకు గంపల లెక్క లేదు. అతని పడవను కాల్చే పని లేదు. ఇక ఒక్క విసురుకు ఇంత పంటనిచ్చే పొలానికి నష్టమేమిటి? చెన్నప్పగారికి ధాన్యమెందుకు? కాదు, ఇది నీరే అంటారా? అప్పుడు చెన్నప్పగారు ఇన్నేళ్లూ నీళ్లు చూపించి గింజలు తిన్నట్టు. ప్రభువులేమో శాసనం మీరినట్టు. తమరే తేల్చండి. ఇది నీరా, నేలా?"

కుశాగ్రుడు నోరు తెరిచాడు, మూశాడు. పడవలోని చేపలు కూడా అదే పని చేస్తున్నాయి.

రాజు ఒకసారి మంత్రిని చూశాడు, ఒకసారి ఒడ్డున మూగిన జనాన్ని చూశాడు. జనం తనను చూసి నవ్వకముందే తాను నవ్వెయ్యడం రాజులకు తెలిసిన ఒకే ఒక విద్య. ఆయన విరగబడి నవ్వాడు.

"మంత్రి మాటే మా మాట. ఇది నేలే! పోలయ్య పడవ పోలయ్యదే. మంచి పొలం కాబట్టి చెన్నప్ప దీన్ని రేపటినుంచి స్వయంగా దున్ని పండించుకోవాలి. పంట చూపించేదాకా కొట్లనుంచి గింజ కూడా కదలదు," అన్నాడు.

ఒడ్డుకు చేరాక ఆయన నూకమ్మను పిలిచి, "మరి మీరిలా పట్టుకుంటూ పోతే చేపలు తరిగిపోవా?" అని అడిగాడు.

"గుడ్లెట్టే కాలంలో మేం వల ముట్టం మారాజా. తాతలనాటి కట్టుబాటు. మమ్మల్నెవులైనా అడిగితేగదా సెప్పడానికి," అంది నూకమ్మ, కళ్లు తుడుచుకుంటూనే కాస్త విసురుగా. మర్నాడు ఆ కట్టుబాటునే రాజుగారు తమ సొంత ఆలోచనగా దండోరా వేయించారు. గంప శాసనం ఊసు మళ్లీ ఎత్తలేదు.

చెన్నప్ప సేద్యం చూడటానికి మాత్రం చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలాయి. రాజాజ్ఞ కాబట్టి అతను ఎడ్లను తోలుకుని ఏటికి వచ్చాడు. ఎడ్లు మోకాలిలోతుకు దిగి, ఒక గుటక తాగి, ఉప్పగా ఉందని ఊసి ఒడ్డెక్కాయి. పశువులకున్న బుద్ధి తనకు లేకపోవడంతో చెన్నప్ప ముందుకే పోయాడు. మెడలోతు నీళ్లలో నాగలి మేడి పట్టుకుని, ఎండ్రకాయలు కాళ్లు కొరుకుతుంటే, "హై! హై!" అని ఎవరినో అదిలించసాగాడు. తవిటయ్య ఒడ్డున కూచుని, "కాస్త లోతుగా దున్నండి బాబూ!" అని సలహా ఇచ్చాడు.

కొద్దిరోజులకే చెన్నప్ప ఒళ్లంతా నాచుతో, జలుబుతో కొలువుకు పరిగెత్తుకొచ్చి రాజు కాళ్లమీద పడ్డాడు.

"నీళ్లే ప్రభూ! ఏనాడూ అది పొలం కాదు. నీళ్లే! మా బావే పొలమనమన్నాడు!"

సభ గొల్లుమంది. కుశాగ్రుడు స్తంభం చాటు వెతుక్కున్నాడు. కానీ ఆయన పొట్ట దాగేంత లావు స్తంభం ఆ సభలో లేదు. చెన్నప్ప గాదెల్లోని ధాన్యం బళ్లకెత్తి పొలాలు మునిగిన రైతుల ఇళ్లకు తోలించమని రాజు ఆజ్ఞాపించాడు. మొదటి బండి తవిటయ్య వాకిట్లో ఆగింది. ఉప్పుటేరు బెస్తలకు వదిలేశారు.

రాజు ఈసారి మనసారా నవ్వి, తన చేతి కంకణం తీసి గవరన్నకు తొడిగాడు. "మేలిమి బంగారం. ఉంచుకో."

గవరన్న కంకణాన్ని వెలుగులో ఇటూ అటూ తిప్పి చూశాడు.

"సంతోషం ప్రభూ. బంగారమని తమరు సెలవిచ్చారు, నేను నమ్ముతాను. అయినా ఒక్కమాట మంత్రిగారిని కూడా అడగమంటారా?"