బొంతమ్మ అరచేతి కొలత

అనగనగా ఒక అడవి. ఎండాకాలం వచ్చిందంటే ఆ అడవిలో ఎక్కడ చూసినా ఇప్పపూలే. ఆ అడవిలో బొంతమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. దాని బొచ్చు బొంతంత ఒత్తుగా ఉండేది కాబట్టి అందరూ అలాగే పిలిచేవారు. బొంతమ్మకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దదాని పేరు తునికి, చిన్నదాని పేరు రేగు.

ఎలుగుబంటి పిల్లలు ఎలా ప్రయాణం చేస్తాయో తెలుసా? అమ్మ వీపెక్కి, బొచ్చు గట్టిగా పట్టుకుని ఊరేగుతాయి. వాటికి బండీ అమ్మే, గుర్రమూ అమ్మే!

బొంతమ్మ గుహ వాగు ఒడ్డున ఉంది. వానాకాలంలో వాగు పొంగితే గుహ మునిగిపోతుంది. అందుకే ఏటా తొలకరి వానకు ఎలుగుబంట్లన్నీ కొండమీది గుహలకు చేరుకోవాలి. దారిలో రెండు పెద్ద బండల మధ్య ఒక ఇరుకు సందు. అది దాటితే నిట్టనిలువు చరియ. దాన్ని పిల్లలు సొంతంగా ఎక్కలేవు. అమ్మ మోయాల్సిందే.

ఆ ఏడు ఇప్పపూలు విరగబూశాయి. బొంతమ్మ ఇక ఊరుకుంటుందా? పొద్దున తింది, మధ్యాహ్నం తింది, సాయంత్రం తింది. మధ్యలో తేనెపట్టు కనబడితే దాన్నీ వదల్లేదు. తిని తిని నూనెలో వేసిన బూరెలా పొంగింది.

తొలకరికి ఇంకా చాలా రోజులున్నాయి. అయినా దారి ఎలా ఉందో చూసొద్దామని ఒకరోజు పిల్లల్ని వీపున ఎక్కించుకుని బయల్దేరింది. సందులో తల దూరింది. భుజాలు దూరాయి. పొట్ట మాత్రం ససేమిరా అంది! ముందుకు పోవడానికి లేదు, వెనక్కి రావడానికి లేదు.

“అమ్మా, ఊపిరి బిగబట్టవే!” అంది తునికి.

“బిగబట్టే ఉన్నానే తల్లీ! దిగి వెనక్కి లాగండి!” అంది బొంతమ్మ.

పిల్లలు రెండూ దాని కాళ్ళు పట్టుకుని “హైలెస్సా” అని లాగితే, బండకు ఇంత బొచ్చు అంటించి ఊడి వచ్చింది. పిల్లలు పడీ పడీ నవ్వాయి. బొంతమ్మా నవ్వింది. కానీ ఇంటికొచ్చాక దిగులు పట్టుకుంది. ‘వాన వచ్చేలోగా ఒళ్ళు తగ్గకపోతే నా పిల్లలు ఏమైపోవాలి?’ అనుకుంది.

మర్నాడు చుట్టయ్య అనే కొండచిలువ దగ్గరికి వెళ్ళింది.

“తాతా, ఒళ్ళు తగ్గాలి. దారి చెప్పు.”

“ఓస్, ఇంతేనా! తిండి మానెయ్యి మనవరాలా. నన్ను చూడు. ఒక్కసారి మింగానంటే మళ్ళీ ఎన్నాళ్ళకో! సన్నగా లేనూ?” అంది చుట్టయ్య.

బొంతమ్మ తిండి మానేసింది. వాగు నీళ్ళు తాగడం, పడుకోవడం. అంతే. పొట్ట తగ్గింది, నిజమే. దాంతోపాటు భుజాలూ తొడలూ కూడా తగ్గాయి. ఆ సంగతి బొంతమ్మ గమనించలేదు. పిల్లల్ని ఎక్కించుకుని సందులో సూదిలో దారంలా దూరిపోయింది.

“హమ్మయ్య!” అని చరియ ఎక్కబోయింది. నాలుగు అడుగులు వేసిందో లేదో, కాళ్ళు గడగడ వణికాయి. ఒక్క జారు జారింది. వీపు మీది రేగు ఎగిరి తుప్పలో పడి, “అమ్మా!” అని కెవ్వున అరిచింది.

దెబ్బ పెద్దది కాదులెండి. కానీ బొంతమ్మ గుండె మాత్రం ఝల్లుమంది. రేగును ఒళ్ళో పెట్టుకుని గీరుకున్నచోటల్లా నాకింది. ‘కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందే! సన్నబడ్డాను గానీ పిల్లల్ని మోయలేకపోయాను’ అని ఏడ్చింది.

ఈసారి జగ్గన్న అనే చిరుతపులిని అడిగింది. జగ్గన్న ఒళ్ళు విరుచుకుని, అటొకసారి ఇటొకసారి నడిచి చూపించింది.

“చెల్లెమ్మా, నా నడుము చూశావా? నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క పండు ముట్టలేదు. నువ్వూ పళ్ళూ ఆకులూ మానెయ్యి. చెదపురుగులు తిను. అవి కండకు మంచివి. ఎంత తింటే అంత కండ!”

బొంతమ్మకు ఆ మాట తెగ నచ్చింది. ఎంత తిన్నా తప్పు లేదంటే ఎవరికి నచ్చదు చెప్పండి? పుట్ట తవ్వడం, ఉఫ్ మని మట్టి ఊదడం, సర్రున చెదలు పీల్చడం. ఒక పుట్ట అయ్యాక ఇంకో పుట్ట. పండు లేదు, ఆకు లేదు. కొన్నాళ్ళకు కాళ్ళకు కాస్త బలం వచ్చింది. కానీ కడుపు రాయిలా బిగుసుకుపోయింది. నోరు ఎండిపోయింది. పొట్ట మళ్ళీ మొదటికొచ్చింది!

అలా మూలుగుతూ కూర్చుంటే, పొలుసక్క అనే అలుగు గునగునా వచ్చింది. అలుగు అంటే ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులుండే జంతువు. దానికీ చీమలూ చెదలే తిండి.

“నా పుట్టలన్నీ ఊడ్చేసింది నువ్వేనటే?” అని గయ్యిమంది పొలుసక్క.

బొంతమ్మ జరిగిందంతా చెప్పింది. “పిల్లల కోసమే అక్కా” అంది కళ్ళు తుడుచుకుంటూ. పొలుసక్క కోపం చల్లారిపోయింది.

“పిచ్చిదానా! నీకు తగ్గాల్సింది కొవ్వు. కండ కాదు. కడుపు మాడ్చుకుంటే ఒళ్ళు కండను కూడా కరిగించుకుంటుంది. అందుకే కాళ్ళు వణికాయి.”

“అందుకే కదా చెదలు తిన్నాను!”

“తినాలి. అవి లేకపోతే కండ నిలవదు. కానీ కండ తనకు ఎంత కావాలో అంతే తీసుకుంటుంది. మిగిలింది పొట్టకే చేరుతుంది. ఏదీ, నీ అరచెయ్యి చాపు.”

బొంతమ్మ చాపింది.

“ఇందులో పట్టినన్ని చెదలు. పూటపూటకీ అంతే. పొద్దున మానేసి సాయంత్రం రెండింతలు మెక్కకు. పక్కన పళ్ళు, ఆకులు, దుంపలు ఉండాలి. నీళ్ళు బాగా తాగు. ఇప్పపూలు రుచికి నాలుగు చాలు.”

“మరి నీ కొలత ఎంత అక్కా?”

“నా కొలత నీకెందుకే! నీ ఒంటికి నీ అరచెయ్యి. ఇంకో మాట. మా అలుగులు ఏ పుట్టనూ ఖాళీ చెయ్యవు. కొంచెం తిని, కప్పెట్టి, ఇంకో పుట్టకు పోతాయి. నువ్వూ అలా తిరుగుతూ తిను. తిరిగేటప్పుడు పిల్లల్ని వీపు మీదే ఉంచు.”

బొంతమ్మ ఆ మాట జవదాటలేదు. ఆకలి అనిపించలేదు, నీరసమూ రాలేదు. పొట్ట మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఒక్కోరోజు అసలు తగ్గినట్టే కనిపించేది కాదు. అయినా పట్టు విడవలేదు. వీపు మీద పిల్లలు పాటలు పాడుతుంటే పుట్ట నుంచి పుట్టకు హాయిగా నడిచింది.

ఒక ఉదయం ఉరిమింది. టపటపా చినుకులు పడ్డాయి. తొలకరి! వాగు ఎర్రగా పొంగుతోంది.

“ఎక్కండర్రా!” అంది బొంతమ్మ. ఒక్క పరుగున సందు దగ్గరికొచ్చింది. తల దూరింది, భుజాలు దూరాయి, పొట్ట కూడా దూరింది! ఇక చరియ. బండ తడిసి నున్నగా ఉంది. సగం ఎక్కాక రేగు పట్టు జారి పక్కకు వేలాడింది. బొంతమ్మ వెనక కాళ్ళు బండకు తన్నిపట్టి కదలకుండా నిలబడింది. కాళ్ళు వణకలేదు. తునికి చెల్లెల్ని పైకి లాగింది. మరి కాసేపటికి ముగ్గురూ కొండమీద ఉన్నారు.

“అమ్మా, నువ్వు సన్నబడటమే కాదే, గట్టిపడ్డావు కూడా!” అంది తునికి.

ఆ మాటకు బొంతమ్మ ఆనందం పట్టలేక, పిల్లల్ని వీపు మీద ఉంచుకునే వానలో గంతులు వేసింది.

నీతి: ఒళ్ళు తగ్గాలని తిండి మానకూడదు, మంచిదని ఒకటే మెక్కకూడదు. బలం పోకుండా ఉండాలంటే ఎవరి ఒంటికి తగిన కొలతలో వాళ్ళు తినాలి.