తొమ్మిదో సాలీడు

వకుళకు రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

మూడేళ్లుగా ఆమె పరిశోధన సాలీళ్ల మీద. పశువుల పాకల్లో తొమ్మిది రకాలు పట్టింది. వాటి కణాల్లోని మైటోకాండ్రియా జన్యుక్రమం చదివి, ఏది దేనికి చుట్టమో తేల్చాలి. ఎనిమిది బుద్ధిగా సాలీళ్ల వంశంలోనే తేలాయి. తొమ్మిదోది మాత్రం పోయి పోయి ఈగల్లో చేరింది. రిపోర్టు రేపే పంపాలి. పంపకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది.

గైడు ఖాదర్ మాస్టారు కిటికీ దగ్గర లెన్సు తుడుచుకుంటున్నారు. వకుళ ఆయనకు సంగతి చెప్పేసి, "ఆ ఒక్కటీ తీసేద్దామా సార్? మిగతా ఎనిమిదీ బాగానే ఉన్నాయి" అంది.

మాస్టారు ఆ సాలీడున్న సీసా తెమ్మన్నారు. స్పిరిట్లోంచి దాన్ని తీసి, లెన్సు కింద పెట్టి, కాళ్లు లెక్కపెట్టారు. ఎనిమిదీ ఉన్నాయి. పొట్ట లేదు.

"కాలు తీసుకోమన్నాను కదమ్మా."

"కాలు మరీ సన్నం సార్. పొట్టలో అయితే కణాలు ఎక్కువ దొరుకుతాయని..."

"పట్టాక వారం రోజులు పస్తు పెట్టావా?"

వకుళ పెట్టలేదు. గడువు దాటిపోతుందన్న కంగారులో అన్నిటినీ పట్టిన రోజే కోసేసింది.

"పొద్దున పెసరట్టు తిన్నాను. నా పొట్ట కోసి చదివితే నేనూ పెసర మొక్కనే" అన్నారు మాస్టారు.

ఆమెకు నవ్వు రాలేదు గానీ ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఈగను తిన్నది అదొక్కటే కదా సార్! దాన్ని తీసేస్తే సరిపోతుంది."

మాస్టారు లేచి, మిగతా ఎనిమిది సీసాలూ తెచ్చి బల్ల మీద పెట్టారు.

"సాలీడు సాలీడునూ తింటుందమ్మా. ఆ రోజు ఏమీ తిననివి ఏవో తీసి ఇటు పెట్టు. వాటిని ఉంచుదాం."

ఆమె చెయ్యి మొదటి సీసా దాకా వెళ్లి ఆగింది. రెండోదాని వైపు జరిగింది. ఎనిమిదో సీసా దాకా అలాగే వెళ్లి, ఖాళీగా వెనక్కి వచ్చింది.

"నా ఫెలోషిప్ పోతుంది సార్."

"పోవచ్చమ్మా."

వకుళ స్టూలు లాక్కుని, పట్టకారు అందుకుంది. మొదటి సాలీడు కాలు ఒకటి జాగ్రత్తగా ఊడదీసింది.

"రేపటి రిపోర్టులో ఏం రాయమంటారు సార్?"

"పొట్ట కోశాననీ, ఈగ దొరికిందనీ రాయి."