తోడుపెట్టె ఎవరిది?

అనగా అనగా, పాడాలని ఉన్నా పాడటానికి సిగ్గుపడే జనమున్న ఒక పట్నం. ఆ పట్నంలో కిన్నెర వాయించే నాంచారి ఉండేది. పాడేవాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల గొంతుకు తగ్గట్టు శ్రుతి దించి, తప్పిన చోట అందుకుని, పాటను చివరిదాకా నడిపించేది.

పిలిచేవాళ్లు ఎందరో, తనేమో ఒక్కతే. అందుకని ఆలోచించి ఆలోచించి ఒక పెట్టె చేసింది. పిడి తిప్పితే లోపలి తీగలు మోగుతాయి. బాణీ పెట్టెది, పాట మనది. జనం దానికి ‘తోడుపెట్టె’ అని పేరు పెట్టుకున్నారు. ఇక రేవులో పాటలే, సాలెవాడలో పాటలే!

కుబేరదత్తుడనే వర్తకుడు అది చూశాడు. రాజుగారి దగ్గరికి పోయి, “ఇది నా సృష్టి ప్రభూ” అని రాగిరేకు మీద శాసనం చెక్కించుకున్నాడు. అతని సెలవు లేనిదే ఎవరూ ఆ పెట్టె చేయరాదు, దానితో పాడరాదు.

మొదట అతని మనుషులు వచ్చి పెట్టె పట్టుకుపోయారు. నాంచారి ఇంకొకటి చేసింది. రెండోసారి ఇంటికే తాళం వేశారు. వీధి అరుగు మీద కూర్చుని మరొకటి చేసింది. మూడోసారి భటులు ఆమెనూ పెట్టెనూ కలిపి సభకు ఈడ్చుకొచ్చారు.

అక్కడ అప్పటికే ఇంకొకడు నిలబడి ఉన్నాడు. ఏటి అవతల పడవ నడిపే సింగన్న, అదే నేరానికి పట్టుబడ్డవాడు. అతని ముందూ అలాంటి పెట్టే!

నాంచారి అతని వైపు తిరిగింది. “ఎవరిది చూసి చేశావన్నా?”

“ఎవరిదీ చూడలేదమ్మా. మా పడవవాళ్లు పాడుకుంటారని చేశాను.”

ఆమె ఆ పెట్టె తెరిచి చూసింది. తీగలు లేవు, వెదురు గొట్టాలున్నాయి. నిజమే చెబుతున్నాడనుకుంది.

కుబేరదత్తుడు పకపకా నవ్వాడు. “చూశారా ప్రభూ! చేసిందెవరో వీళ్లకే తేలలేదు.”

రాజు అన్నాడు: “నాంచారీ, నేనే ముందు చేశానని ఒక్క మాట చెప్పు. రేకు మీద నీ పేరు చెక్కిస్తాను.”

ఆమెకు ఆశ పుట్టలేదని కాదు. కానీ పక్కన సింగన్న తల దించుకుని ఉన్నాడు.

“వద్దు మహారాజా. ఆ రేకు నా చేతికొస్తే, రేపు ఇతని నోరు మూయించేది నేనే అవుతాను. మేమిద్దరం చేశాం. ఈ వర్తకుడు చేయలేదు. నిజం ఇంతే.”

“శాసనం ధిక్కరించావు. శిక్ష తప్పదు,” అన్నాడు రాజు.

“వేయండి. ముందు మీరొక్క పాట పాడి, ఆ తర్వాత వేయండి!”

అంటూనే పిడి తిప్పింది. జోలపాట బాణీ. రాజు పెదవులు కదిలాయి. ఏనాడూ నలుగురిలో పాడనివాడు గొంతు విప్పాడు.

మంత్రి చెవిలో ఏదో ఊదుతున్న వర్తకుడు వెనక్కి తిరక్కుండానే గద్దించాడు: “ఆపు! నా సెలవు లేకుండా ఎవడ్రా పాడేది?”

సభంతా రాజు వైపు తిరిగింది.

“నేనే,” అన్నాడు రాజు. “నా గొంతుకు నీ సెలవు కావాలా?”

రాగిరేకు ఆ పూటే కొలిమికి పోయింది. రాజు మాత్రం జోలపాట పూర్తయ్యేదాకా ఎవరినీ కదలనివ్వలేదు.

పిల్లలూ, పదిమంది సంతోషం కోసం పుట్టినదాన్ని ఒక్కడే నాదంటే, తల వంచకూడదు. ఆ ‘నాది’ అనే మాట మన నోటా రాకూడదు.