దీమపు పుంజు కూయని పొద్దు

అనగనగా, కొండ వెదురంతా ఒక్కసారే పూసిన ఏడాది, ఆ వెదుళ్ల నీడన ఒక అడవి కోడిపెట్ట ఉండేది. దానికి ముగ్గురు కొడుకులు. ఎర్రని జుట్టు, బంగారు మెడ, పచ్చగా మెరిసే తోక. నేల మీద నడిచే ఇంద్రధనుస్సులే అనుకోండి. ఎగరడం తక్కువ, పొగరు ఎక్కువ.

ఒకనాడు తెల్లవారుతుండగా వాగు అవతల కొత్త కూత వినిపించింది.

"మన నేల మీద ఎవడమ్మా వాడు?" అని పెద్దోడు రెక్కలు టపటపలాడించాడు.

"ఎవడైతే నీకేం నాయనా? కూత వినగానే ఉరకాలా?" అంది తల్లి.

ఉరికాడు. తిరిగి రాలేదు.

మర్నాడూ అదే కూత. "అన్నను ఏం చేశాడో వాణ్ణే అడుగుతా" అంటూ నడిపోడు వెళ్లాడు. వాడూ రాలేదు.

తల్లికి మేత సయించలేదు. మధ్యాహ్నం పొదల చాటున నక్కుతూ వాగు దాటింది. అక్కడ కాలికి తాడుతో ఒక పుంజు. చుట్టూ గడ్డిలో ఉచ్చులు, ఉచ్చులకు బంగారు ఈకలు. దూరంగా చెట్టుకింద వేటగాడు సద్దన్నం తింటున్నాడు. అది అతని దీమపు పుంజు. కూసి, అడవి పుంజుల్ని పోరుకు పిలవడమే దాని పని.

"నువ్వు కూశావు, నా బిడ్డలు పోయారు. నీకేం ఒరిగిందిరా?"

పుంజు తల దించుకుంది. "నన్ను గుడ్డుగా ఉన్నప్పుడే గూట్లోంచి ఎత్తుకొచ్చాడమ్మా. కూస్తే గింజలు. కూయకపోతే కూర."

"నాకింకొక్కడే మిగిలాడు."

"వాణ్ణి ఆపుకోలేవా?"

"ఆపలేను. కూత వింటే ఆగే జాతి కాదు మాది."

"మాదీ అదే జాతి కదమ్మా" అంది పుంజు.

మూడోనాడు తెల్లవారింది. చిన్నోడు పుట్ట ఎక్కాడు. "దమ్ముంటే కూయరా!" అని అరిచాడు. వాగు అవతల నిశ్శబ్దం. మళ్లీ అరిచాడు. నిశ్శబ్దమే. మూడోసారి అరిచాడు. వేటగాడి తిట్టు ఒకటి, రెక్కలు కొట్టుకున్న చప్పుడు ఒకటి. అంతే.

"చూశావా అమ్మా! నా గొంతు వినేసరికి నోరు మూసుకున్నాడు, పిరికివెధవ!"

"నీ కోసం చచ్చాడురా వాడు."

"నా కోసమా? వాడెవడో, నేనెవణ్ణో!" అని చిన్నోడు విరగబడి నవ్వాడు.

తల్లి వాగు వైపు తిరిగి నిలబడింది. ఇప్పుడు ముగ్గురి కోసం ఏడవాలి. మూడోవాడు ఏ తల్లి బిడ్డో కూడా తెలియదు.

తన బతుకు వెనక ఎవరి మౌనం ఉందో తెలుసుకోనివాడు గెలిచినా గుడ్డివాడే.