కోళ్ళకి మైల పెట్టిన కోడలు

దగ్గరికి జరగండర్రా. పండూ, కాలు తెచ్చి నా నడుం మీద వేశావంటే కథా లేదు కాకరకాయా లేదు. లాస్యా, ఆ దుప్పటి కాస్త ఇటు లాగవే. ఊ కొట్టడం మానితే అక్కడే ఆపేస్తా, తర్వాత బతిమాలినా చెప్పను. సరేనా?

అనగనగనగా తవిటిపాలెమని ఒక ఊరు. ఎక్కడుంది, ఏ బస్సెక్కాలి అని అడక్కండి, కథలో ఉంది. ఆ ఊళ్ళో మరిడమ్మని ఒకావిడ. ఆవిడకి గంగరాజని ఒక్కగానొక్క కొడుకు. అమ్మ ఏదంటే దానికి ఊఁ, పెళ్ళాం ఏదంటే దానికీ ఊఁ. మీకంటే బాగా ఊ కొడతాడు. వాడికి పెళ్ళయింది. కోడలొచ్చింది. దాని పేరు వరాలు.

వచ్చింది వచ్చినట్టు ఒంటరిగా రాలేదు పిల్ల. వాళ్ళమ్మ సారెతోపాటు గంపలో ఒక కోడిపెట్టనీ, దాని పిల్లలు పన్నెండింటినీ పెట్టి పంపింది. ఒకటీ పన్నెండూ ఎంత? ఆఁ, పదమూడు. లాస్యకి లెక్కలొచ్చు.

వాకిట్లో గంప దించగానే మరిడమ్మ మొహం మాడిపోయింది. ఎందుకంటారా? ఆ ఇంటికి కోళ్ళు అచ్చిరావట. అచ్చిరావడమంటే ఏంటో తెలుసా? ఒకరికి ఎర్రచీర అచ్చిరాదు, ఒకరికి మంగళవారం అచ్చిరాదు, మీ తాతకి కొత్త చెప్పులు అచ్చిరావు. అలాగన్నమాట. మరిడమ్మ ఒకసారి ఇరవై కోళ్ళని పెంచింది, ఒకసారి పదిహేడు పెంచింది. రెండుసార్లూ వారం తిరక్కుండా గూడు గూడంతా తుడిచిపెట్టుకుపోయింది. అలాంటి ఇంటికి ఈ పిల్ల కోళ్ళతో దిగింది.

చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చూస్తుండగానే అనేసింది మరిడమ్మ. "దసరా దాకా చూస్తాను. ఇవి నిలబడితే నువ్వు అచ్చొచ్చినట్టు. పోయాయా, ఇక ఈ ఇంట్లో దీపం పెట్టడానికీ, విత్తనం చల్లడానికీ నీ చెయ్యి పనికిరాదు."

అర్థమైందా అర్రా? కోడి పోతే కోడి ఒక్కటే పోదు. కోడలి పేరు కూడా పోతుంది. అచ్చిరాని చెయ్యి అని ఒకసారి అన్నారంటే ఆ ఊళ్ళో ఇక చచ్చేదాకా అదే పేరు. పసిపిల్లని ఎత్తుకోబోయినా ఎవరో ఒకరు లాక్కుంటారు. వరాలు గడ్డివాము వెనక్కి వెళ్ళి కాసేపు ఏడ్చింది. ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, సరే ముందు గూడెలా ఉందో చూద్దామని లేచింది.

చూస్తే ఏముంది? గూడు సరిగ్గా చూరు కిందుంది. పైనుంచి చూరు నీళ్ళు, కిందేమో బురద. వాసనకి తల తిరిగింది దానికి. మరి తడి ఉంటే బూజు, బూజు ఉంటే పురుగు, పురుగు ఉంటే తెగులు, తెగులు ఉంటే గంప ఖాళీ. మీరూ అనండి. తడి ఉంటే? బూజు. బూజు ఉంటే? పురుగు. పురుగు ఉంటే? తెగులు. తెగులు ఉంటే? గంప ఖాళీ. ఆఁ, ఇలా ఉండాలి మనవలంటే.

మొగుణ్ణి పిలిచి ఆ గూడు ఎత్తించి, పొద్దుటి ఎండ పడేచోట నాలుగు రాళ్ళ మీద పెట్టించింది. గంగరాజు ఊఁ అన్నాడు, ఎత్తాడు. పొడి ఊక తెచ్చి లోపల మందంగా పరిచింది, తడిసినచోటిది తడిసినట్టే తీసి మార్చేది. పెరట్లో ఒక గుంట తీసి పొయ్యిలో బూడిద పోసింది. కోళ్ళు అందులో పడి దొర్లితే ఒంటి మీద పేలు రాలిపోతాయి. చిప్పలో నీళ్ళు పోసి అందులో నాలుగు గులకరాళ్ళు వేసింది, కోడిపిల్ల బోర్లా పడినా మునిగిపోకుండా. పాతకుండలో పేడా గడ్డీ కలిపి, కాస్త తడిపి, పుట్ట పక్కన బోర్లించి వచ్చేది. పొద్దున్నకి దాన్నిండా చెదలు. పిల్లలకి అదే పరమాన్నం. వాటికి పరమాన్నమే, నువ్వు మొహం అలా పెట్టకు పండూ. చీకటి పడేలోపు అన్నీ లోపలికి వచ్చాయో లేదో లెక్క చూసి, తలుపు వేసి, పిల్లి కాలు పెట్టే సందుంటే దానికి చెక్క కొట్టి, అప్పుడు కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చునేది.

ఊ కొడుతున్నారా? లాస్యా? పడుకున్నావేమో అనుకున్నా.

రెండు నెలలైంది. పిల్లలు ఎదిగాయి, తల్లిపెట్ట మళ్ళీ గుడ్లు పెట్టడం మొదలెట్టింది. పొద్దున్నే గుడ్డు పెట్టానోచ్ అని ఊరంతా చాటుతుంది. తీరా వెళ్ళి చూస్తే గుడ్డుండదు, ఊక మీద తడి మాత్రం ఉంటుంది. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, వరసగా ఆరు రోజులు. మరిడమ్మ గుండెలు బాదుకుంది. ఇది మా పాత దెయ్యమే, గుడ్లు తాగే దెయ్యం, ఇదివరకు కూడా ఇలాగే చేసింది అని, గూటికి నిమ్మకాయలూ మిరపకాయలూ దండ కట్టించింది. కోళ్ళు ఆ మిరపకాయల్ని చక్కగా పొడుచుకు తినేశాయి. కోడికి కారం తెలీదు కదా.

వరాలు నాపరాయి చాటున కదలకుండా కూర్చుంది. పెట్ట గుడ్డు పెట్టింది. లేచింది. అటు చూసింది, ఇటు చూసింది. టక్కుమని పొడిచి, తన గుడ్డు తనే తాగేసి, మూతి ఊకకి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చింది. అదర్రా దెయ్యం.

దానికలవాటు చేసిందెవరు? మన మరిడమ్మే. గుడ్డు కూర వండినప్పుడల్లా పెంకుల్ని అలాగే పెరట్లోకి విసిరేస్తుంది. పెట్ట రుచి మరిగింది. పెంకులు పెట్టకి మంచివే, కాకపోతే వేయించి పొడి చేసి నూకల్లో కలపాలి, గుడ్డు రూపం తెలీకుండా. ఈ మాట అత్తగారితో అంటే ఇంకేమన్నా ఉందా? అందుకని వరాలు మాట్లాడకుండా పెంకుల్ని తనే ఏరి పొడి కొట్టడం మొదలెట్టింది. ఏట్లోంచి గుడ్డంత తెల్లరాళ్ళు రెండు తెచ్చి గూట్లో పెట్టింది. పెట్ట వచ్చి పొడిచింది. ముక్కు అదిరింది. మళ్ళీ పొడిచింది. మళ్ళీ అదిరింది. ఇక ఈ గుడ్లు మనవల్ల కాదని మానేసింది పాపం.

పెట్టయితే మానేసింది గానీ, మరిడమ్మకి చూపు కాస్త తక్కువ. దెయ్యం పోయింది, రెండు గుడ్లొచ్చాయి అని సంబరపడిపోయి, ఆ రాళ్ళు తెచ్చి ఉడకేసింది. ఉడుకుతున్నాయి, ఉడుకుతున్నాయి, ఉడుకుతున్నాయి. ఎంతకీ పెంకు రాదు. పుల్లలు ఎగదోసింది. అయినా రాదు. నాటుగుడ్డు కదా గట్టిగా ఉంటుందిలే అని అలాగే పులుసులో వేసి కొడుక్కి వడ్డించింది. గంగరాజు కొరికాడు. అమ్మా, బాగుందే అన్నాడు. అన్నాక వెళ్ళి చెంబుడు నీళ్ళతో నోరు పుక్కిలించుకున్నాడు. ఆ రోజు వరాలు నవ్వాపుకోలేక పొయ్యిలో పొగ పట్టిందని చెప్పి కళ్ళు తుడుచుకుంది.

సరే, నవ్వింది చాలు, ఇక్కణ్ణించి జాగ్రత్తగా వినండి.

శ్రావణమాసంలో ఒక గురువారం మరిడమ్మ సంతకెళ్ళి బుట్టల అప్పన్న దగ్గర రెండు పెట్టలు కొనుక్కొచ్చింది. నిగనిగలాడుతున్నాయి. పక్కింటి సూరమ్మ కూడా అదే బుట్టలోంచి రెండు కొంది. ఆ ఊళ్ళో ఒక వాడుక ఉంది. కొత్త కోడిని రోలు చుట్టూ మూడుసార్లు తిప్పి, ఆ సాయంత్రమే గూట్లో పెట్టెయ్యాలి, లేకపోతే ఇంటికి మరగదని. మరిడమ్మ రోలు చుట్టూ తిప్పడానికి సిద్ధంగా ఉంది.

వరాలి గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఇదివరకు పోయిన కోళ్ళ సంగతి అది బావి దగ్గర అందరినీ అడిగి తెలుసుకుంది. ఇరవై పోయింది సంతకోడి వచ్చిన వారానికి. పదిహేడు పోయిందీ సంతకోడి వచ్చిన వారానికే. సంతలో నాలుగూళ్ళ కోళ్ళు ఒక్క బుట్టలో కూరుతారు. దేనికి కొక్కెర తెగులుందో చూస్తే తెలీదు. వారం పోయాక మెడ వంకర తిరిగి, తలకాయ వేలాడేసి, తను పోతూ అన్నిటినీ తీసుకుపోతుంది. ఇప్పుడంటే పశువుల ఆస్పత్రిలో ముందే టీకా చుక్కలు వేస్తున్నారు. అప్పుడెక్కడివి?

అత్తయ్యా, వీటిని కొన్నాళ్ళు విడిగా ఉంచుదామని మెల్లిగా అంది. నిన్న కాక మొన్నొచ్చి నాకు కోళ్ళ పెంపకం నేర్పుతున్నావా అని కసిరింది మరిడమ్మ. మొగుడి వంక చూసింది. వాడు అటూ ఊఁ అన్నాడు, ఇటూ ఊఁ అన్నాడు.

మరిడమ్మకి మాట చెబితే ఎక్కదు. ఎక్కేది ఒక్కటే, మైల. ఎవరింట్లోనైనా మనిషి పోతే పదిరోజులు ఆ ఇంటివాళ్ళకి మైల కదా. మరిడమ్మకి ఆ పట్టింపు మరీ ఎక్కువ. మైలవాళ్ళు వీధిలో ఈ పక్కనుంచి వెళితే, ఆవిడ ఆ పక్కకి మారి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంది. వరాలు ఒక్క క్షణం ఆలోచించింది. తల దించుకుంది.

"అత్తయ్యా, ఈ పెట్టల తల్లి నిన్న పోయిందట. ఏటి దగ్గర చెప్పుకుంటున్నారు."

అంతే. మరిడమ్మ చేతిలో కోళ్ళు రెండూ కింద పడ్డాయి. వెళ్ళి తలమీంచి పోసుకుంది. వచ్చి, వాటి ఈక ఒకటి చీరకుంటే, మళ్ళీ వెళ్ళి పోసుకుంది. ఇక ఆ మైలకోళ్ళకి ఆవిడే కాపలా. పెరటి ఆ చివర గొడ్లపాకలో వేరే గంప, వేరే చిప్ప, వేరే మేత. ముందు ఇంటి కోళ్ళకి వేసి, తర్వాతే మైలకోళ్ళకి వెయ్యాలి. వేసొచ్చాక కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా ఇటు రాకూడదు. వరాలు చెప్పి ఉంటే ఒక్కటీ చేసేది కాదు. ఇప్పుడు వరాలు ఒక అడుగు ఇటు వేస్తే చాలు, కడిగావా కడిగావా అని వెనకాలే తరుముతుంది.

సూరమ్మ పడీ పడీ నవ్వింది. తన రెండింటినీ రోలు చుట్టూ తిప్పి గూట్లో పెట్టేసుకుంది.

ఒక రోజు, రెండు రోజులు, మూడు, నాలుగు, అయిదు. ఆరోనాడు గొడ్లపాకలో ఒక పెట్ట తలకాయ వేలాడేసింది. మేత ముట్టలేదు, ఆకుపచ్చగా రెట్ట వేసింది. ఏడోనాడు మెడ వంకర తిరిగి పోయింది. వరాలు దూరంగా లోతుగా గొయ్యి తీయించి, సున్నం చల్లి పూడ్పించింది. అటు సూరమ్మ గూట్లో ఒకటి పోయింది, తర్వాత మూడు, తర్వాత తొమ్మిది. రెండోనాటికి గంప ఖాళీ. ఆ ముసలావిడ ఖాళీ గూటి ముందు కూర్చుని ఏడుస్తుంటే వరాలికి ప్రాణం ఉసూరుమంది. ఆవిడకి కూడా ఏదో ఒకటి చెప్పి ఉండాల్సిందని అనుకుంది.

మళ్ళీ గురువారానికి అప్పన్న బుట్టతో వీధిలోకొచ్చాడు. మరిడమ్మ గడప దిగకుండానే దులపడం మొదలెట్టింది. తల్లి పోయిన కోళ్ళని, మైలలో ఉన్న కోళ్ళని, ఒక్క ముక్కైనా చెప్పకుండా ఎలా అమ్మావయ్యా అని. వీధి వీధంతా పోగయింది. అప్పన్న నోరు తెరిచాడు. నాలుగూళ్ళు తిరిగి కొనేవాణ్ణి, ఏ కోడికి తల్లెవరో నాకేం తెలుసమ్మా, అసలు కోడికి మైలేంటి, ఎవరు చెప్పారు అన్నాడు.

అందరూ వరాలి వైపు తిరిగారు. తలుపు పట్టుకుని నిలబడింది పిల్ల. అచ్చిరాని పేరు తప్పించుకోబోయి అబద్ధాలకోరు పేరు తెచ్చుకున్నాను, ఇక నన్నీ ఇంట్లో ఎవరు నమ్ముతారు అనుకుంది. నీ కోడలు నిన్ను వెర్రిదాన్ని చేసింది మరిడమ్మా అంది సూరమ్మ.

మరిడమ్మ కోడల్ని చూసింది. పెరట్లోకి చూసింది. బూడిదగుంటలో పదమూడూ దొర్లుతున్నాయి, దుమ్ము లేపుతున్నాయి. సూరమ్మ ఇంటివైపు చూసింది. అక్కడ ఒక్క కూతా లేదు. చూసి చూసి, అప్పన్న వైపు తిరిగింది.

"నీకు తెలీదులే అప్పన్నా. మా కోడలికి తెలుసు. తప్పు నాది, పదిరోజులే అనుకున్నాను. సంతకోడికి నెలమాసికం అయ్యేదాకా మైలే. ఇప్పుడే చెబుతున్నా, ఈ వీధిలో ఎవరు పాటించకపోయినా వాళ్ళ ఇంటి గడప తొక్కను."

ఆవిడ గడప తొక్కకపోతే పీడా పోయె అనుకునేవాళ్ళు కొందరున్నారు గానీ, ఖాళీ గూడు ఎదురుగా కనబడుతోంది కదా. అందరూ తలూపారు. గంగరాజయితే అందరికంటే ముందు ఊఁ అన్నాడు.

వంటింట్లో వరాలు తల దించుకుని నిలబడింది, ఇప్పుడు పడతాయి నాలుగూ అని. మరిడమ్మ పొయ్యి ఊదుతూ ఇటు తిరక్కుండానే అంది.

"ఈసారి అబద్ధమాడాలంటే ముందు నాకు చెప్పు. నీ మొహం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. నేనాడతాను."

అని, దసరా ఇంకా ఎంతో దూరముందనగానే, బీరగింజల మూట తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. రేపు పొద్దున్నే నువ్వే పెట్టు అంది. వరాలు ఆ మూట పట్టుకుని అక్కడే కూర్చుని భోరుమంది. ఏడుపాపు, సూరమ్మకి రెండు పెట్టలివ్వు, అదీ ఆవిడ గూడు కడిగి నెల ఎండబెట్టాకే అని గదిమింది అత్తగారు. ఆ తర్వాత ఆ వీధిలో ఏ గూడూ ఖాళీ కాలేదు.

అదర్రా సంగతి. కొత్తగా వచ్చిన కోడిని నెల దాకా కలపకూడదు. కొత్తగా వచ్చిన కోడల్ని మాత్రం మొదటిరోజే కలుపుకోవాలి. మరిడమ్మ రెండూ తిరగేసి చేసింది, అదీ ఆవిడ వెర్రి. ఏంటి పండూ? నేను మీ అమ్మని ఎన్నాళ్ళు మైలలో పెట్టానా? అమ్మమ్మనిరా నేను, మీ అమ్మ నా కూతురు. ఆ మాట వెళ్ళి మీ నాయనమ్మని అడుగు. వద్దులే, అడక్కు.

కథేమో కంచికి నడిచింది, కోళ్ళేమో గూట్లోకి నడిచాయి, మీరిక మాట్లాడకుండా నిద్దర్లోకి నడవండి.